స్టీరింగు చక్రముపై మీట: అది టెలిఫోనును చేరిన చరిత్ర

నేటి మోటారు కార్లలో చాలవాటికి స్టీరింగు చక్రము మీదనే చిన్న చిన్న మీటలు అమర్చబడి యున్నవి. రేడియో ధ్వనిని పెంచుటకు ఒకటి, తగ్గించుటకు ఒకటి, పాట మార్చుటకు మరియొకటి. డ్రైవరు చక్రము నుండి చేతులు తీయకయే బొటనవ్రేలితో వీనిని నొక్కగలడు. ఫోనును చేత పట్టకుండ మాటలాడుటకు వీలు కలిగించు పెట్టెలు కూడ అంగడిలో దొరకుచున్నవి. కారుతో పాటు రాని అట్టి పెట్టెను తరువాత కొని అమర్చుకొన్నవారికి ఒక కోరిక సహజముగ పుట్టును. చక్రము మీది మీటలతోనే ఫోనును కూడ ఎత్తుటకు, పెట్టుటకు వీలుండిన బాగుండును గదా!

చూచుటకు ఇది రెండు తీగెలు కలుపు పనివలె కనిపించును. కాని తీగెలు కలిపినంత మాత్రమున పని జరుగదు. ఏలననగా, మీట చెప్పు మాట ఒక భాషలో నుండును. పెట్టెకు తెలిసిన భాష వేరొకటి. ఈ రెంటి నడుమ ఒక దుబాసి కావలెను. మీటలు మొదట ఏ భాషలో మాటలాడినవి? ఆ భాష ఎందులకు మారినది? దుబాసి ఎట్లు పుట్టెను? ఇంత శ్రమపడి సాధించినదేమి, సాధింపలేనిదేమి? ఈ ప్రశ్నలను వరుసగా పరిశీలింతము. భౌతికశాస్త్రములో ఓమ్ సూత్రము చదివిన విద్యార్థికి ఇందులో అర్థము కాని దేదియు లేదు.

టెలిఫోను కారెక్కుట

కారులోనికి మొదట ప్రవేశించినది రేడియో. అమెరికాలో గాల్విన్ సోదరుల కర్మాగారము 1930లో కార్లకు తగిన రేడియోను తయారు చేసి దానికి మోటరోలా అని పేరు పెట్టెను. తరువాత ఆ కర్మాగారమునకే ఆ పేరు వచ్చినది. రేడియో వినుటకే గాని మాటలాడుటకు కాదు. మాటలాడు సాధనము కారెక్కిన దినము 1946 జూన్ 17. ఆనాడు అమెరికాలోని సెయింట్ లూయీ నగరమున బెల్ టెలిఫోను వ్యవస్థ తన మొబైల్ సేవను ప్రారంభించెను. కారులో పెట్టవలసిన పరికరముల బరువు సుమారు 36 కిలోగ్రాములు. పిలుపును ఆపరేటరు కలిపెడివారు. మాటలాడునపుడు చేతి గొట్టముపై నున్న మీటను నొక్కి పట్టవలెను; వినునపుడు వదలవలెను. అనగా డ్రైవరుకు ఒక చేయి పూర్తిగా టెలిఫోను పాలయ్యెను.

1964లో వచ్చిన మెరుగైన పద్ధతిలో మీటను నొక్కి పట్టు అవసరము పోయెను; నెంబరును కూడ స్వయముగ త్రిప్పుకొన వచ్చును. 1979లో జపాను రాజధాని టోక్యోలో, 1983లో అమెరికాలోని చికాగోలో సెల్యులార్ సేవలు మొదలైనవి. నగరమును చిన్న చిన్న గదులుగా విభజించి, ఒకే పౌనఃపున్యమును దూరపు గదులలో మరల మరల వాడుకొను పద్ధతి యిది. దీనివలన వేలకొలది జనులు ఒకేసారి మాటలాడుటకు వీలు కలిగెను. మన దేశమున ఈ సేవ 1995 జూలై 31న కలకత్తాలో ప్రారంభమైనది. అప్పటికే ఫోను చేతిలో ఇముడునంత చిన్నదయ్యెను. కనుక మనకు టెలిఫోను కారులో మొదట కనిపించి చేతికి వచ్చినది కాదు. చేతికి వచ్చి, చేతితోపాటు కారెక్కినది.

చక్రముపై మొదటి మీటలు

స్టీరింగు చక్రముపై అన్నిటికంటె పాతది హారను మీట. దాని వలయము సులభమైనది. కారు లోహపు శరీరము బ్యాటరీ యొక్క ఒక ధ్రువమునకు కలుపబడి యుండును. హారను నుండి వచ్చిన ఒక్క తీగెను మీట ఆ లోహమునకు తాకించిన చాలును. వలయము పూర్తియగును, హారను మ్రోగును. మీట చెప్పగల మాట ఒక్కటే: "ఔను". నొక్కనపుడు "కాదు".

కాని చక్రము తిరుగునది. తీగె తిన్నగా కట్టిన మెలిపడి తెగిపోవును. అందుచేత చక్రము క్రింద ఒక ఇత్తడి కడియము నుంచి, దానిపై రాచుకొనుచుండు స్ప్రింగు పలకను అమర్చిరి. కడియము ఎంత తిరిగినను పలక తాకుచునే యుండును. రాపిడిలో స్పర్శ ఒక క్షణము తప్పినను హారనుకు నష్టము లేదు.

చక్రముపై ఎక్కువ మీటలు పెట్టవలెనను కోరిక కూడ క్రొత్తది కాదు. ఫోర్డు కంపెనీవారి ఎడ్సెల్ కార్లలో 1958వ సంవత్సరపు నమూనాకు గేర్లు మార్చు ఐదు మీటలను చక్రము నడిబొడ్డున అమర్చిరి. చక్రము తిరుగుచున్నను నడిబొడ్డు కదలకుండ ఉండుటకు లోపల పండ్లచక్రములు కూర్చిరి. హారను ఉండు చోటనే గేరు మీటలుండుట చాలమందికి రుచింపలేదు. మరుసటి ఏటి నమూనాలో ఆ మీటలు లేవు. ఈ ప్రయోగము వలన తెలిసినదేమనగా, చక్రముపై మీట పెట్టుట కష్టము కాదు. మీట మాటను తిరుగు చక్రము నుండి తిరుగని కారులోనికి నమ్మకముగ చేర్చుటయే కష్టము.

తిరుగు చక్రము – తెగని తీగె

ఈ చిక్కును విప్పినది రేడియో కాదు, టెలిఫోను కాదు. ప్రాణరక్షణ సాధనమగు గాలిసంచి. కారు దేనినైన ఢీకొన్నపుడు చక్రము నడుమ నుండి క్షణములో ఉబ్బి డ్రైవరు తలను కాపాడు సంచి యిది. జాన్ హెట్రిక్ అను అమెరికను 1953లో దీనికి పేటెంటు పొందెను. 1970ల దశకమున జనరల్ మోటార్స్ కొన్ని కార్లలో పెట్టి చూచెను. 1980ల దశకమున మెర్సిడెస్ బెంజ్ మొదలగు వారి కార్లలో అది నిలదొక్కుకొనెను. 1991 నాటి అమెరికా చట్టము ననుసరించి 1998 నమూనా నుండి ఆ దేశపు ప్రయాణికుల కార్లన్నిటికి ముందువైపు గాలిసంచులు తప్పనిసరి అయ్యెను.

గాలిసంచికి పోవు సంకేతము ఒక్క క్షణము కూడ తప్పిపోరాదు. రాచుకొను పలకను దీనికి నమ్మలేము. కాని స్టీరింగు చక్రము విసనకఱ్ఱ రెక్కవలె అంతము లేక తిరుగునది కాదు గదా! ఒక కొస నుండి రెండవ కొస వరకు సుమారు మూడు చుట్లు మాత్రమే తిరుగును. కనుక పలుచని పట్టీవంటి తీగెను గడియారపు స్ప్రింగువలె వదులుగా చుట్టి డబ్బాలో పెట్టిరి. చక్రము ఒకవైపు తిరిగిన చుట్ట బిగియును. రెండవవైపు తిరిగిన వదులగును. తీగె ఎక్కడను తెగదు, రాపిడియు లేదు. మెకానిక్కులు దీనిని క్లాక్ స్ప్రింగు అందురు.

ఆ పట్టీలో గాలిసంచికి కావలసిన తీగెల ప్రక్కన మరి రెండు మూడు రాగిపట్టీలు చేర్చుట సులభము. 1980ల దశకము నడుమ నుండి జనరల్ మోటార్స్ వారి పాంటియాక్ కార్లలో కొన్నిటి చక్రములపై రేడియో మీటలు కనిపింపసాగినవి. గాలిసంచితో పాటు చుట్టతీగె వ్యాపించిన కొలది మీటలు కూడ సామాన్యపు కార్లకు చేరెను. ప్రాణరక్షణకు వేసిన బాటపై పాటల సంకేతములు కూడ నడచినవి.

రెండు తీగెలలో పలు మాటలు

ఇక రెండవ చిక్కు. మీటలు ఆరు, మీటకొక తీగె చొప్పున ఆరు తీగెలు, తిరుగు తీగెతో ఏడు. చుట్టతీగెలో ఇన్నిటికి చోటు లేదు. ఇంజనీర్లు ఓమ్ సూత్రమును ఆశ్రయించిరి. ఒక్కొక్క మీటకు ఒక్కొక్క విలువగల నిరోధమును జతచేసి అన్నిటిని ఒకే జత తీగెలకు కలిపిరి. ఏ మీట నొక్కిన ఆ నిరోధము వలయములోనికి వచ్చును. రేడియో వైపున 5 వోల్టుల సరఫరా నుండి 1000 ఓముల స్థిరనిరోధము గుండ ఆ తీగెకు విద్యుత్తు వచ్చుచుండును. తీగెపై వోల్టేజిని కొలిచిన ఏ మీట నొక్కబడినదో తెలియును.

ఒక ఉదాహరణ చూతము. మీట నిరోధమును 1000 ఓములతో కూడి, ఆ మొత్తముతో మీట నిరోధమునే భాగించి, 5 చేత గుణించిన తీగెపై వోల్టేజి వచ్చును. ధ్వని పెంచు మీటకు 100 ఓములు, తగ్గించు మీటకు 330, ఫోను ఎత్తు మీటకు 1000, పెట్టు మీటకు 3300 ఓములు ఉన్నవనుకొనుడు. మొదటిదానికి 0.45 వోల్టులు, రెండవదానికి 1.24, మూడవదానికి 2.50, నాలుగవదానికి 3.84 వోల్టులు వచ్చును. ఏదియు నొక్కనపుడు 5 వోల్టులు. హారను మీటకు "ఔను, కాదు" అను రెండు మాటలే వచ్చును. ఇచ్చట అదే జత తీగెలపై ఐదు మాటలు ఇమిడినవి. రేడియోలోని చిన్న సూక్ష్మనియంత్రకము ఆ వోల్టేజిని అంకెగా మార్చి, తన జ్ఞాపకములోని పట్టికతో పోల్చి, కావలసిన పని చేయును.

పాఠశాల ప్రయోగశాలలో దీనిని ఒక గంటలో చేసి చూపవచ్చును. 1.5 వోల్టుల ఘటములు మూడు, పై విలువలుగల నిరోధములు, 1000 ఓముల నిరోధము ఒకటి, ఒక మల్టీమీటరు ఉన్న చాలును. సరఫరా 4.5 వోల్టులే గనుక పఠనములు 0.41, 1.12, 2.25, 3.45 వోల్టుల దరిదాపున రావలెను. ఘటములు క్రొత్తవైన కొంచెము ఎక్కువ రావచ్చును. ఏ మీట నొక్కినదీ చెప్పకుండ ఒక విద్యార్థి నొక్కగా, రెండవవాడు మీటరు చూచి చెప్పిన పాఠము మనస్సున నాటుకొనును.

ఇందులో ఒక లోపము కలదు. మీట క్రింద త్రుప్పు పట్టి స్పర్శలో 200 ఓములు అదనముగ చేరినవనుకొనుడు. ధ్వని పెంచు మీట నిరోధము 300 ఓములగును, తీగెపై 1.15 వోల్టులు వచ్చును. అది తగ్గించు మీట విలువయగు 1.24కు చాల దగ్గర. డ్రైవరు "పెంచు" మనగా యంత్రము "తగ్గించు" మని వినును! పాత కార్లలో మీటలు ఒకటి నొక్కిన ఒకటి పలుకుటకు తరచు కారణమిది. వోల్టేజి మాటగా వాడబడునపుడు మురికి కూడ మాటలాడును.

ఒకే బాటపై అందరి మాటలు

కారులో ఎలక్ట్రానిక్ పరికరములు పెరిగిన కొలది తీగెల మోపు కూడ పెరిగెను. జర్మనీలోని రాబర్ట్ బాష్ సంస్థ 1983లో ఒక క్రొత్త పద్ధతిపై పని ప్రారంభించి, 1986లో డెట్రాయిట్ నగరమున మోటారు ఇంజనీర్ల సభలో ప్రకటించెను. దాని పేరు కంట్రోలర్ ఏరియా నెట్‌వర్క్. ముక్తసరిగా క్యాన్ అందురు. 1987లో దీనికి తగిన మొదటి చిప్పులు వెలువడెను. 1991లో మెర్సిడెస్ బెంజ్ పెద్ద కార్లలో ఇది వాడుకలోనికి వచ్చెను. 1993లో అంతర్జాతీయ ప్రమాణముగ 11898 సంఖ్యతో అచ్చయినది.

ఈ పద్ధతిలో మెలివేసిన రెండు తీగెలకు పరికరములన్నియు కలుపబడి యుండును. విశ్రాంతిలో రెండు తీగెలపై 2.5 వోల్టుల చొప్పున ఉండును. ఇది "1". సున్నను పంపవలసినపుడు ఒక తీగె 3.5 వోల్టులకు పెరుగును, రెండవది 1.5 వోల్టులకు తగ్గును. వినువారు రెంటి భేదమును మాత్రమే చూతురు. ఇంజను స్పార్కుల వలన కలుగు అలజడి రెండు తీగెలను ఒకే విధముగ కదలించును, భేదము మారదు. మురికి మాటలాడు దోషము ఇచ్చట చాలవరకు తొలగినది.

ప్రతి సందేశమునకు ముందు ఒక గుర్తుసంఖ్య యుండును. ఇద్దరు ఒకేసారి మొదలిడిన, సున్న ఒకటిని అణచివేయును గనుక చిన్న సంఖ్యగలవాని మాట నిలుచును. రెండవవాడు తానే ఆగి తరువాత చెప్పుకొనును. బ్రేకుల మాట ముందు, పాటల మాట వెనుక అను మర్యాద ఇట్లు సంఖ్యలలోనే ఇమిడియున్నది. మీటల వంటి చిన్న పనులకు ఇంత వేగము అక్కర లేదని యూరపు కార్ల కంపెనీలు కొన్ని కలిసి 1990ల దశకము చివర లిన్ అను చౌక పద్ధతిని రూపొందించినవి. దానికి ఒకే సంకేతపు తీగె. వేగము సెకనుకు 20 వేల బిట్లకు మించదు. చాల కార్లలో చక్రము మీది మీటలు లిన్ భాషలో మాటలాడును. స్టీరింగు స్తంభములోని పరికరము దానిని క్యాన్ భాషలోనికి మార్చి కారంతటికి చాటును.

కాని ఇచ్చటనే బయటివానికి తలుపు మూసుకొనెను. నిరోధముల కాలమున మల్టీమీటరు పట్టినవాడెవడైనను మీట మాటను చదువగలిగెడివాడు. క్యాన్ ప్రమాణము అక్షరములను మాత్రమే నిర్ణయించును గాని అర్థములను నిర్ణయింపదు. ఏ సంఖ్య ధ్వని మీటది, ఏ బిట్టు పాట మీటది అను నిఘంటువు ఆ కారు చేసినవారి చేతిలో నుండును. ఒక కంపెనీ నిఘంటువు మరియొక కంపెనీకి పనికిరాదు. ఒకే కంపెనీలో సంవత్సరము మారిన అర్థము మారవచ్చును.

తీగె లేని టెలిఫోను – అంగడి పెట్టె

ఇక రెండవ వైపు చూతము. స్వీడను దేశపు ఎరిక్సన్ సంస్థలో 1994లో ఫోనును సమీప పరికరములతో తీగె లేకుండ కలుపు ప్రయత్నము మొదలయ్యెను. హాలెండు దేశీయుడగు యాప్ హార్ట్‌సన్ ఇందులో ముఖ్యుడు. 1998లో ఎరిక్సన్, నోకియా, ఇంటెల్, ఐ.బి.ఎం., తొషీబా సంస్థలు కలిసి ఒక సంఘముగ ఏర్పడి, పదవ శతాబ్దపు డెన్మార్కు రాజు హెరాల్డు బిరుదును బట్టి దీనిని బ్లూటూత్ అని పిలిచిరి. 1999లో మొదటి ప్రమాణము వెలువడెను. ఇది 2400 మెగాహెర్ట్జుల ప్రాంతమున 79 బాటల మీద సెకనుకు 1600 సార్లు గంతులు వేయుచు పలుకును.

కారులో ఫోనును తాకకుండ మాటలాడుటకు ఈ ప్రమాణములో ఒక ప్రత్యేక భాగము తరువాత చేరినది. అందులో ఫోను ఒక వైపు, కారు పెట్టె ఒక వైపు. పిలుపు వచ్చినపుడు ఫోను పెట్టెకు "రింగ్" అను మాటను పంపును. ఎత్తవలెనన్న పెట్టె బదులుగా "ఏ.టి.ఏ." అను మూడక్షరములు పంపును. ఈ అక్షరములకొక వంశచరిత్ర కలదు. 1981లో అమెరికాలోని హేస్ సంస్థ కంప్యూటరును టెలిఫోను తీగెకు కలుపు మోడెమును చేసినపుడు, ఆజ్ఞలన్నిటికి ముందు "సావధానము" అను అర్థమిచ్చు ఆంగ్లపదము యొక్క సంక్షేపముగ "ఏ.టి." అని ఉంచెను. చివరి "ఏ" ఎత్తుమనుటకు గుర్తు. మోడెములు మూలబడినను వాని మాట మిగిలినది; నేడు కారులో ఫోను ఎత్తిన ప్రతిసారియు ఆ మూడక్షరములే గాలిలో ఎగిరిపోవుచున్నవి.

ఫ్రాన్సు దేశమున 1994లో స్థాపితమైన పారట్ వంటి సంస్థలు ఇట్టి పెట్టెలను చేసి అమ్మెను. పారట్ వారి సీకే 3000 పెట్టె చాల దేశములలో వాడుకలోనికి వచ్చెను. ఇట్టి పెట్టె కారు రేడియోకు, స్పీకర్లకు నడుమ చేరును. రేడియో వెనుక తీగెల జోడింపునకు 10487 సంఖ్యగల అంతర్జాతీయ ప్రమాణమొకటి ఉండుట చేత, దాని ననుసరించిన కార్లలో ఒక్క తీగెయు కోయకుండ పెట్టెను నడుమ దూర్చవచ్చును. పిలుపు రాగానే పెట్టె ఒక తీగె ద్వారా రేడియోను మౌనము వహింపు మనును. స్పీకర్లను తన వైపు త్రిప్పుకొనును. అద్దము పైభాగమున అంటించిన చిన్న మైక్రోఫోను డ్రైవరు మాటను అందుకొనును.

ఒక్క లోటు మిగిలెను. ఈ పెట్టెలకు తమ సొంత మీటలు వేరుగ నుండెను. వానిని రేడియో దగ్గర ఎక్కడనో అంటింపవలెను. ఎత్తుటకు, పెట్టుటకు డ్రైవరు చక్రము నుండి చేయి తీయవలెను. కన్ను త్రోవ నుండి మరల్పవలెను. ఏ చేతిని విడిపించుటకు పెట్టెను కొనిరో ఆ చేయి మరల పనిలో పడెను.

దుబాసి

ఈ లోటును తీర్చునదే నడిమి పెట్టె. పారట్ వారు యూనికా అను పేర ఒకటి చేసిరి, ఇతరులును చేసిరి. అగ్గిపెట్టెకంటె కొంచెము పెద్దదగు ఈ డబ్బాలో ఒక సూక్ష్మనియంత్రకము ఉండును. దానికి రెండు వైపుల నుండి రెండు పనులు.

మొదటిది, కారు భాషను వినుట. నిరోధములు గల కారైన వోల్టేజిని కొలుచును. దీనికి నేర్పు పద్ధతి యొకటి కలదు: డబ్బా అడిగిన వరుసలో మీటలను ఒక్కొక్కటిగ నొక్కిన, అది ఆ విలువలను గుర్తుంచుకొనును. క్యాన్ గల కారైన, ఆయా నమూనాల నిఘంటువును తయారు చేసినవారు ముందుగనే అందులో పొందుపరతురు. అందుకే ఇట్టి డబ్బాను కొనునపుడు కారు పేరు మాత్రమే గాక సంవత్సరమును కూడ చెప్పవలసి యుండును.

రెండవది, ఫోను పెట్టె భాషలో పలుకుట. ఇచ్చటను ఒకే భాష లేదు. కొన్ని పరికరములు మరల నిరోధపు విలువలనే ఆశించును. కొన్ని టెలివిజను రిమోటు పంపునట్టి స్పందనల వరుసను తీగెపై ఆశించును. మరికొన్ని బిట్ల వరుసను ఆశించును. తొలినాటి డబ్బాలు కొన్ని నిజముగనే రిమోటు వేషము వేసి రేడియో ముందు పరారుణ కిరణములను మెరయించెడివి.

ఇంతటితో మీట ప్రయాణమును ఒకసారి లెక్కింతము. బొటనవ్రేలు మీటను నొక్కెను. ఆ మాట చుట్టతీగె గుండ స్తంభమునకు, అచ్చట నుండి క్యాన్ బాటకు చేరెను. దుబాసి దానిని విని, నిఘంటువు చూచి, ఫోను పెట్టెకు తెలిపెను. పెట్టె "ఏ.టి.ఏ." అని గాలిలోనికి పలికెను. ఫోను ఎత్తబడెను. మీటలో నుండి మాట గాని ధ్వని గాని ప్రవహింపలేదు. ప్రవహించినది ఆజ్ఞ యొక్క అర్థము మాత్రమే. అది వోల్టేజిగా, బిట్టుగా, అక్షరముగా, రేడియో తరంగముగా వేషములు మార్చుకొనుచు పోయెను.

అమర్చువారు గుర్తింపవలసినవి

గాలిసంచి తీగెలు మీటల తీగెల ప్రక్కనే యుండును గనుక, చక్రమును విప్పు పని శిక్షణ పొందినవారిదే. గాలిసంచి జోడింపులకు సాధారణముగ పసుపు రంగు వేయుదురు. మల్టీమీటరు నిరోధమును కొలుచునపుడు తానే కొంత విద్యుత్తును పంపును. కనుక ఆ తీగెలపై మీటరును ఎన్నడును పెట్టరాదు. నడిమి డబ్బాను కలుపుటకు చక్రమును తాకనక్కర లేదు. మీటల సంకేతము రేడియో వెనుకకు ఎట్లును వచ్చును. క్యాన్ తీగెలకు కలిపిన డబ్బా వినుటకే పరిమితము కావలెను. అందరు నడచు బాట అది. అక్కడ ఒకడు అరచిన ఇతరుల మాట ఆగును, ఆ ఇతరులలో బ్రేకులకు సంబంధించిన పరికరములు కూడ ఉండవచ్చును.

చేతులు – మనస్సు

ఇంతవరకు చెప్పినది విజయగాథ. కాని శాస్త్రము అడుగవలసిన ప్రశ్న ఒకటి మిగిలియున్నది. చేయి విడుదలయ్యెను, ప్రమాదము తగ్గెనా?

ఈ ప్రశ్నను ఇంగ్లండులో బ్రౌన్, టిక్నర్, సిమ్మండ్స్ అను పరిశోధకులు 1969లోనే పరీక్షించిరి. 24 మంది డ్రైవర్లు కారు నడుపుచు, ఎదుటనున్న సందులలో తమ కారు పట్టునా పట్టదా అని నిర్ణయింపవలెను. అదే సమయమున టెలిఫోనులో వినవచ్చు వాక్యములు నిజమో కాదో చెప్పవలెను. చక్రమును త్రిప్పు నేర్పు అంతగా చెడలేదు. చెడినది నిర్ణయశక్తి: పట్టని సందును పట్టునని తలచుట ఎక్కువయ్యెను. 1997లో కెనడాలోని టొరాంటోలో రెడల్‌మయర్, టిబ్షిరానీ అనువారు ప్రమాదము జరిగిన 699 మంది ఫోను లెక్కలను పరిశీలించిరి. ఫోనులో మాటలాడు సమయమున ఢీకొను అవకాశము సుమారు నాలుగు రెట్లని తేలెను. చేత పట్టని ఫోనుల వలన ఈ ప్రమాదము తగ్గినట్లు వారికి కనిపింపలేదు.

చట్టములు మాత్రము చేతినే పట్టుకొన్నవి. 2001లో అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రము, 2003 డిసెంబరు 1 నుండి బ్రిటను, కారు నడుపుచు ఫోనును చేత పట్టుటను నిషేధించెను. మన దేశమున 2019 నాటి మోటారు వాహనముల సవరణ చట్టము అట్లు చేత పట్టుటను అపాయకరమైన డ్రైవింగు క్రింద చేర్చినది. పోలీసు చూడగలిగినది చేతిని. మనస్సును చూచు సాధనము లేదు. చట్టము చేతిని పట్టుకొన్నది గనుక సాధనములు చేతిని విడిపించినవి. కంటికి, చేతికి కలుగు అడ్డును మీటలు నిజముగనే తగ్గించును. అంతవరకు వాని మేలు కాదనరాదు. కాని త్రోవను చూచుచున్న కన్ను చూచిన దానిని గ్రహించు మనస్సు, దూరముననున్న మనిషి మాటలో మునిగియున్నపుడు, ఏ తీగెయు దానిని వెనుకకు తేలేదు.

ఉపాధ్యాయులు ఈ విషయమును బోధించునపుడు నిరోధముల ప్రయోగముతో పాటు మరియొక చిన్న ప్రయోగమును చేయింపవచ్చును. ఒక విద్యార్థిని 100 నుండి 7 చొప్పున తగ్గించుచు పైకి లెక్కపెట్టుమని, అదే సమయమున నల్లబల్లపై గీచిన వంకర బాటను సుద్దముక్కతో దిద్దుమని చెప్పవలెను. రెండు చేతులలో ఒకటి ఖాళీగానే యుండును. అయినను బాటనో లెక్కనో తప్పును. మొదటి ప్రయోగము మీట ఎట్లు పలుకునో చూపును. రెండవది మీట చేయలేని పనిని చూపును.

చక్రముపై ఫోనునకు రెండు మీటలు కలవు: ఎత్తునది, పెట్టునది. ఇంతమంది ఇంజనీర్ల శ్రమ ఫలితముగ రెండవది కూడ మొదటిదంత సులభముగ బొటనవ్రేలికి అందుచున్నది. "బండి మీద ఉన్నాను, చేరిన తరువాత మాటలాడుదును" అని చెప్పి దానిని నొక్కుట ఆ శ్రమకు అన్నిటికంటె మంచి వినియోగము.